ఏనుగు ముందరి బంటు

"ఓడకపోతే సాలు గదా నాన్నా? మావయ్యని పిలుస్తావు గదా?"

"ముందు నాలుగెత్తులు నిలబడవే, అప్పుడు సూద్దాం," అంటూ ధర్మారావు తెల్ల పావులు తన వైపు తిప్పుకున్నాడు.

ఆమదాలవలస ధాన్యం వర్తకుల్లో ఆయన్ని చదరంగంలో ఓడించినవాడు లేడు. ఎదురు నిలిచినవాడు ఒక్కడే, నౌపడలో ఉన్న బావమరిది జగన్నాధం. ముట్టుకున్న పావును కదపలేదన్న తగువుతో ఇద్దరికీ మాటలు పోయి ఏళ్ళయింది. ఇప్పుడు సింధూరి పెళ్ళి. ఆమెను గంపలో కూర్చోబెట్టి పీటల మీదికి తేవలసిన మేనమామకే పిలుపు లేదు. ఇంకెవరి చేతా గంప మోయించుకోనని, పెళ్ళే మానేస్తానని ఆమె తెగేసి చెప్పింది. విజయనగరం హాస్టల్లో చదరంగం నేర్చుకున్నానంటూ తండ్రితో ఈ పందెం కట్టింది.

ధర్మారావు రాజు ముందరి బంటును రెండు గళ్ళు నడిపాడు. సింధూరి లోపలికెళ్ళి ఫోను చూసుకుని వచ్చింది.

"ఆట మధ్యలో ఫోనేటే?"

"పెళ్ళి పనులు నాన్నా, తప్పుతాదేటి!" అంటూ అంచున ఏనుగు ముందరి బంటును ఒక్క గడి జరిపింది.

ధర్మారావు చెయ్యి ఆగిపోయింది. ఆట అలా మొదలుపెట్టే మొండిఘటం ఆయనకు తెలిసి ఒక్కడే.

"ఒసే, ఈ ఎత్తు నీకెక్కడిది?"

"మావయ్య దగ్గర్నుంచి వచ్చిందే నాన్నా."

ఆ తర్వాత, ఎత్తెత్తుకీ ఆమె లోపలికెళ్ళి ఫోను చూసుకొస్తున్నా ఆయన తలెత్తలేదు. మంత్రిని ఎరవేసి పన్నిన వలలోంచి కూడా ఆమె తేలిగ్గా బయటపడింది. ఈ పిల్ల ఇంత ఆట ఎప్పుడు నేర్చింది? ఓడిపోతానేమోనన్న భయం కన్నా సంబరమే ఎక్కువైంది. భోజనానికి పిలిచిన భార్యను కసిరాడు. చివరికి బల్ల మీద రాజులిద్దరే మిగిలారు.

కూతురి తల నిమిరి, కళ్ళు తుడుచుకుని, ధర్మారావు తనే ఫోను కలిపాడు.

"ఒరే జగన్నాధం, గంప మొయ్యడానికి రారా. నీ మేనకోడలు అచ్చం నీలాగే ఆడి నన్ను నిలబెట్టేసిందిరా!"



"నిన్నొక్కణ్ణే కాదు బావా," అన్నాడు జగన్నాధం. "పొద్దున్నుంచీ ఫోన్లో నాతోనూ ఆడతన్నాది. ఓడకపోతే నేను పెళ్ళికి రావాలని పందెం. మొదటి ఎత్తు నుంచీ అంతా నీ ఆటే! ఇప్పుడే సమానం సేసేసింది. అదేటి బుర్ర బావా!"

"ఒకేసారి ఇద్దరితోనా!" ధర్మారావు నోరు తెరుచుకుని కూతురి వైపు చూశాడు.

సింధూరికి గుర్రం ఎటు దూకుతుందో కూడా తెలియదు.