కాపలావాళ్ళ నిద్ర

నాలుగో ఇంజెక్షనూ అయిపోయింది. కడుపులో గడ్డ మాత్రం ఇంకో రెండు వేళ్ళ మేర పెరిగింది.

డాక్టరు ఫిల్మును వెలుతురుకేసి పట్టుకుని చాలాసేపు చూశాడు. ఎదురుగా కోడలు, ఆమె పక్కన అత్తగారు. రోగిష్టి మనిషి ఇంట్లోనే ఉన్నాడు, లేచి వచ్చే ఓపిక లేదు.

“ముందే చెప్పాను కదమ్మా,” అన్నాడు డాక్టరు కోడలితో. “రక్తంలో తెల్లకణాలుంటాయి. ఒంటికి కాపలావాళ్ళన్నమాట. దొంగ కనిపిస్తే పట్టి చంపాలి. మీ ఆయన కడుపులో గడ్డ చుట్టూ బోలెడుమంది ఉన్నారు. అందరూ నిద్రే. కొందరైతే ఆ దొంగకే వండి పెడుతున్నారు. వాళ్ళని లేపడానికే ఈ ఇంజెక్షను. ఎనిమిదేళ్ళుగా వేసుకుంటున్న పాత మాత్రలు ఆపేశారు కదా? అవి వాళ్ళకి నిద్రమందు.”

“మొదటిరోజే ఆపేశామండీ.”

“మరెందుకు లేవట్లేదో. ఎవరో పక్కన కూర్చుని జోకొడుతున్నట్టుంది.”

అత్తగారు కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని, “రక్తం రిపోర్టు ఏమందండీ?” అంది.

డాక్టరు కాగితం జరిపాడు. చివరి వరస ఒక్కటే బాగుంది. మిగతావన్నీ అడుగంటాయి. ఆవిడ ఆ ఒక్క వరస మీదే వేలుంచి, అమ్మయ్య అనుకుంది. ముసలిప్రాణం, ఏదో ఒక మంచిమాట కావాలి పాపం అనుకుంది కోడలు.

ఇంక ఇంజెక్షన్లు దండగ అన్నాడు డాక్టరు. ఎన్నాళ్ళని అడిగితే నోటితో చెప్పలేక రెండు వేళ్ళు చూపించాడు. రెండు నెలలు.

అత్తగారి కష్టం పగవాళ్ళకి కూడా వద్దు. చిన్నకొడుకు ఎనిమిదేళ్ళ కిందట లారీ కింద పడి పోయాడు. పెళ్ళి కూడా కాలేదు. ఇప్పుడు పెద్దవాడికి ఈ మాయరోగం. ఉన్న ఒక్కణ్ణీ దక్కించుకోవాలని ఆవిడ పడే తాపత్రయం వీధంతా చెప్పుకునేది. కోడలు బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే పనికి వెళ్ళిపోతే ఇల్లంతా ఆవిడదే. గంటకోసారి గ్లాసుడు నీళ్ళు తాగించేది. మూత్రం సీసాలో పట్టి, ఎంతయిందో గోడమీద పెన్సిలుతో గీసేది. పొద్దున ఎనిమిది కొట్టేసరికి పాలగ్లాసు మంచం దగ్గరుండాల్సిందే. కొడుక్కి కునుకు పడితే కుడివైపు పొత్తికడుపు మీద చెయ్యివేసి నిమురుతూ కూర్చునేది.

“రోగమేమో పైన, మీరు నిమిరేదేమో కింద,” అని కోడలు నవ్వేది.

“నా చెయ్యి నాకు తెలుసులేవే.”

మొగుడు అందుకునేవాడు. “నీకంటే మా అమ్మే నయం. నువ్వు గ్లాసు పెట్టి చక్కాపోతావు. అమ్మయితే అడుగు కనిపించేదాకా కదలదు.”

మర్నాడు కోడలు సెలవు పెట్టింది. ఆ రెండు నెలలూ మొగుడి దగ్గరే ఉందామనుకుంది.

ఎనిమిదికి ఇంకా ఐదు నిమిషాలుంది. పాలు తనే ఇద్దామని వంటగదిలోకి వెళ్ళింది. అత్తగారు గట్టు దగ్గర అటు తిరిగి నిలబడి, గరిటె వెనకభాగంతో కాగితంలో ఏదో నూరుతోంది. పక్కన మాత్రల అట్ట. మొదటిరోజు కోడలు తన చేత్తో చెత్తబుట్టలో పడేసిన మాత్రలే. అట్ట మాత్రం కొత్తది.

కోడలు గబగబా వెళ్ళి అట్ట అందుకుంది.

“అత్తయ్యా, అవి వద్దన్నారు కదా. ఇన్నాళ్ళూ మీరే... కన్నకొడుకు కదా అత్తయ్యా ఆయన.”

ఆవిడ ఉలిక్కిపడలేదు. పొడి పాలల్లో వేసి, చెంచాతో తిప్పి, గ్లాసు అంచు కొంగుతో తుడిచింది.

“కాపలావాళ్ళు లేస్తే ముందు చంపేది గడ్డని కాదే, వీడి ఒంట్లో ఇంకా బతికున్న మా చిన్నోడి కిడ్నీని.”