గుమ్మం ముందు మూడో జత

"ఏవండీ, ఒకసారి ఇలా రండి. మళ్లీ వచ్చాయి!"

భర్త నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చాడు. గుమ్మం బయట అతని చెప్పులు, ఆమె చెప్పులు ఎప్పటిలాగే పక్కపక్కన ఉన్నాయి. వాటిని ఆనుకుని మూడో జత. ఆడవాళ్లు వేసుకునే నల్ల బూట్లు. అడుగున తడి ఇంకా ఆరలేదు. నిన్న పొద్దునే ఆమె వాటిని కవర్లో చుట్టి, మూడంతస్తులు దిగి, చెత్తడబ్బాలో పడేసి వచ్చింది.

"ఎవరో చుట్టాలొచ్చినట్టున్నారు. టీ పెట్టు," అన్నాడతను.

"మీకంతా వేళాకోళమే. చెప్పులు బయట ఉన్నాయంటే మనిషి లోపల ఉన్నట్టేగా?"

అతని నవ్వు ఆగిపోయింది. తెలియకుండానే వెనక్కి తిరిగి గదిలోకి చూశాడు. ఎవరూ లేరు.

ఆ పరాయి దేశంలో, ఆ ఇంట్లో దిగి ఇరవై రోజులైంది. బిల్డింగ్ మొత్తం మీద చెప్పులు గుమ్మం బయట విడిచేది వీళ్లిద్దరే. మిగతావాళ్లంతా బూట్లతోనే మంచం దాకా వెళ్లే రకం. ఎదురు ఫ్లాటుకి తాళం. మరి ఆ జత ఎవరిది? మెట్లు తుడిచే ముసలావిడని ఆమె వచ్చీరాని భాషలో, చేతులు తిప్పుతూ అడిగింది కూడా. ఆవిడ బూట్ల వంక చూసి, ఈమె మొహం వంక చూసి, బకెట్టు అక్కడే వదిలేసి చరచరా దిగిపోయింది.

"బూట్లొక్కటే అయితే సర్దుకుపోదును," అంది ఆమె తలుపు వేస్తూ. "నిన్న టీ తాగి ఒక్క గ్లాసు కడిగాను. సాయంత్రానికి రెండు గ్లాసులు బోర్లించి ఉన్నాయి."

"నువ్వే రెండుసార్లు తాగుంటావు. మరచిపోయావు."

"నేను మిషను మీద జాకెట్టు కుడుతూ దగ్గితే, పక్కగదిలోంచి అచ్చం నాలాగే ఎవరో దగ్గుతున్నారు. అది కూడా మరపేనా?"

అతను నోరు కడుక్కుని, డ్రైవరు చొక్కా తొడుక్కుని, గుండీలు పెట్టుకుంటూ గొణిగాడు. "ఈ కొంప దొరకడానికి కాళ్లరిగేలా తిరిగాం. నాకు బస్సు డిపో పక్కనే. ఇప్పుడు మళ్లీ ఇంకోటి వెతకాలంటే..."

"అయితే మీరు ఉండండి. నేను మా అక్క దగ్గరికి వెళ్లిపోతాను. ఇంకొన్నాళ్లు ఇక్కడుంటే నేను నేనుగా మిగలను. మీకు దణ్ణం పెడతాను, నన్ను ఇక్కణ్ణించి తీసుకుపోండి."

ఆమె కళ్లల్లో నీళ్లు చూసి అతను మెత్తబడ్డాడు. "సరేలే, ఏడవకు. మొదటి ట్రిప్పు అయ్యాక ఇల్లిప్పించిన ఏజెంటుకి ఫోన్ చేసి, ఖాళీ చేస్తున్నామని చెప్పేస్తా. సరేనా?"

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. అతను డ్యూటీ బూట్లు వేసుకుని వెళ్లగానే కొంగు బిగించింది. వంటసామాను అట్టపెట్టెల్లో సర్దింది, పరుపు చుట్టింది, కుట్టుమిషనుకి దుప్పటి కప్పి తాడు కట్టింది. ఇరవై రోజుల్లో మొదటిసారి కూనిరాగం కూడా తీసింది. పక్కగది నిశ్శబ్దంగా ఉంది. ఇల్లు వదిలేస్తున్నామని తెలిసి అదేదో దాని దారిన అది పోయినట్టుంది, పీడా పోయింది అనుకుంది.

పదకొండింటికి చెత్త పడేసి వద్దామని తలుపు తీసింది. బయట భర్త చెప్పులున్నాయి. నల్ల బూట్లున్నాయి. ఆమె చెప్పులు లేవు.

మెట్ల దగ్గర చూసింది. తలుపు వెనక చూసింది. అట్టపెట్టెల్లో కూడా చూసింది. ఎక్కడా లేవు. భర్తకి ఫోన్ చేసింది.

"ఏవండీ, నా చెప్పులు కనబడట్లేదు. మీరేమైనా తీసి ఎక్కడైనా పెట్టారా?"

అటువైపు అతను పకపకా నవ్వాడు. "కాళ్లకి వేసుకుని కనబడట్లేదంటావేంటే?"

"నేను ఉత్తకాళ్లతో నిలబడి ఉన్నానండీ. మనింట్లో!"

"చాల్లే వేషాలు. కాఫీకని ఇలా బస్సు దిగానో లేదో మొదలెట్టావు. బస్సు కిటికీలోంచి నాకు చెయ్యి ఊపుతూ ఇంట్లో ఉన్నానంటావా?" అన్నాడతను ముచ్చటగా. "అన్నట్టు, ఇందాక నా వెనక సీట్లో కూర్చుని ఇల్లు ఖాళీ చెయ్యొద్దని బతిమాలావు కదా, ఏజెంటుకి ఫోన్ చేసి చెప్పేశాను... నువ్వు ఇక ఆ ఇల్లు వదిలి ఎప్పటికీ ఎక్కడికీ రావని!"