ఎదురు నిలబడ్డ పిల్ల

జడ్చర్ల దాటి పది నిమిషాలు కాకముందే బస్సు టైరు పంక్చరైంది.

అందరూ దిగి చెట్ల నీడకు చేరారు. సుచరిత మాత్రం దూరంగా ఒక బండ మీద కూర్చుని, ముఖానికి చున్నీ చుట్టుకుంది.

ఎవరైనా గుర్తుపడతారేమోనని భయం.

నెల కిందట హాకీ లీగ్ ఫైనల్. ఆఖరి నిమిషంలో పెనాల్టీ స్ట్రోక్. ముందు గోల్‌కీపర్ ఒక్కతే. సుచరిత కొట్టింది. బెంగళూరు కీపర్ కాలితో ఆపేసింది. హైదరాబాద్ జట్టు ఓడిపోయింది.

అప్పటినుంచి స్టిక్ ముట్టలేదు. ఇక ఆట మానేస్తానని ఇంట్లో చెప్పడానికే కొత్తకోట బయలుదేరింది.

జడ్చర్లలో ఎక్కి పక్క సీట్లో కూర్చున్నామె వచ్చి అదే బండ మీద కూలబడింది. యాభై ఏళ్లుంటాయి. సిమెంటు పనికి అరచేతులు కాయలు కాచాయి. మూట విప్పి జొన్నరొట్టె తుంచి ఇచ్చింది.

"తిను బిడ్డా."

"ఆకలి లేదమ్మా."

"ఆకలి లేదా, మనసు బాగలేదా?"

ఎన్నడూ చూడని మనిషి. మళ్లీ కనబడే మనిషీ కాదు. అందుకేనేమో, కోచ్‌కు కూడా చెప్పుకోనిదంతా సుచరిత ఆమెకు చెప్పేసింది.

"అందరు నా దిక్కే చూస్తున్నరమ్మా. గెలుపు నా చేతుల ఉండె. పోగొట్టిన."

"నీ ఒక్కదాని చేతుల ఎట్లుంటది? ఎదురుంగ ఇంకో పిల్ల నిలవడె గద."

"ఆమెకేంది. జర గూడ భయం లేదు. గోడ లెక్క నిలవడ్డది."

ఆమె చిన్నగా నవ్వింది.

"నీకెట్ల ఎరుక? మొకానికి గంత పెద్ద టోపీ పెట్టుకుంటరాయె. లోపట ఎంత వణికిందో ఏమో. పొద్దటి సంది బువ్వ గూడ తిన్నదో లేదో."

సుచరిత తలెత్తింది. ఆ సంగతి తనకెప్పుడూ తట్టలేదు.

"నేను బిల్డింగుల కాడ ఇటుకలు మోస్త బిడ్డా. కిందికి చూస్తే కండ్లు తిరుగుతయ్. పైకి చూస్తే పానం పోతది. ముందటి మెట్టే చూస్త. ఒకనాడు తట్ట జారి పడ్డది. అందరు తిట్టిన్రు. మర్నాడు పనికి పోకుండ ఉంటనా?"

"మల్ల పడ్తదని భయం కాలేదా?"

"అయింది. భయంతోనే ఎక్కిన. కొట్టుడు నీ పని, ఆపుడు ఆమె పని. ఇద్దరు మంచిగ చేస్తే ఏదో ఒకటయితది. దానికెందుకు అంత ఫికర్?"

సుచరిత రొట్టె తిన్నది. బస్సు కదిలాక నిద్రపోయింది. నెల రోజుల తర్వాత పట్టిన నిద్ర అది. లేచేసరికి కొత్తకోట వచ్చింది, తల ఆమె భుజం మీద ఉంది.

"మంచిగ ఆడు బిడ్డా," అని ఆమె ఆత్మకూర్ బస్సు ఎక్కింది.

పేరైనా అడగలేదని బస్సు వెళ్లిపోయాక గుర్తొచ్చింది.

ఇంట్లో ఆట మానేసే మాట ఎత్తలేదు.

రెండు నెలలకు బెంగళూరులో అదే జట్టుతో మ్యాచ్. స్కోరు సమానం. మళ్లీ పెనాల్టీ స్ట్రోక్, ఎదురుగా అదే కీపర్.

ఈసారి సుచరిత హెల్మెట్ లోపలి కళ్లను చూసింది. నిజమే, ఆ కళ్లల్లోనూ భయమే. గుండె మీది బరువేదో దిగినట్టయింది. కొట్టింది. బంతి వల మూలకు పోయింది.

బంతి ఆగిపోయి ఉన్నా ఈ రాత్రికి నిద్ర పట్టేదేననిపించింది.

మ్యాచ్ అయ్యాక కీపర్ హెల్మెట్ తీసి దగ్గరికొచ్చింది. ఇరవై ఏళ్లు కూడా ఉండవు.

"బాగ కొట్టినవక్కా."

సుచరిత ఆశ్చర్యపోయింది. "నువ్వు తెలుగా? కన్నడ పిల్లవనుకున్న."

"పుట్టింది, చదివింది ఈడనే. మా ఊరు ఆత్మకూర్ దిక్కు. మావోళ్లు పనికని ఎప్పుడో వలసొచ్చిన్రు. నా పేరు నాగరాణి."

"ఇయాల మీవోళ్లు ఎవరన్న వచ్చిన్రా?"

"మా అమ్మ వచ్చింది. ఆఖరి దాంక నిలవడి చూసి, ఇప్పుడే పనికాడికి ఉరికింది."

"నువ్వు ఓడినవని బాధపడ్డదా?"

"లేదక్కా, నవ్వుకుంట పోయింది."

సుచరిత గ్యాలరీ వైపు చూసింది. అక్కడ ఖాళీ కుర్చీలే ఉన్నాయి.

నాగరాణి కాస్త సిగ్గుపడుతూ చెప్పింది: "మా అమ్మ ఆ దినం ఊరికి పోతుంటే, జడ్చర్లల బస్సెక్కంగనే నిన్ను గుర్తుపట్టిందంటక్కా, కాని నిన్ను ఓడగొట్టిన పిల్లకు తల్లినని చెప్తే నువ్వు మనసిప్పి మాట్లాడవని చెప్పలేదంట."