చెయ్యి పడని పెట్టెలు

“అక్కా, ఆ మూలనున్న పెట్టె విప్పు,” అన్నాడు బట్టల ఫ్యాక్టరీ చెకింగ్ సారు.

“టేపు కూడా అతికించేశారుగా సారూ?” అంది ప్యాకింగ్ అక్క.

“అదే నా అనుమానం. వారం నుంచి చూస్తున్నా. ప్రతి పెట్టె మీదా చెయ్యి పెట్టి ఏదో గొణుగుతావు. ఈ మూలవి మాత్రం పక్కవాళ్ళ చేత అతికిస్తావు. నా కళ్ళు గప్పుదామనా?”

అతనే టేపు చీల్చి అడుగుదాకా తోడాడు. ఎగుమతి చొక్కాలు తప్ప ఏమీ లేవు.

“మరి ఆ గొణుగుడేంటి?”

“ప్రార్థన సారూ. అన్ని దేశాల కోసం రోజూ ప్రార్థించమంటారు మా చర్చిలో. అన్ని పేర్లు నాకెక్కడ గుర్తుంటాయి? పెట్టె మీద ఏ దేశం పేరుంటే ఆ దేశం కోసం చేసుకుంటా.”

అతనికింకా నమ్మకం కుదరలేదు. మూల పెట్టెలన్నిటి మీదా ఒకటే దేశం పేరుంది. “మరి ఈ దేశం ఏం పాపం చేసింది?”

ఆమె తల వంచుకుంది. “మా తమ్ముడు అక్కడికి పనికెళ్ళాడు. పోయిన నెల పెట్టెలో పంపించారు. ఎలా పోయాడో చెప్పే దిక్కు లేదు. ఆ పేరు చూస్తే నోరు పెగలట్లేదు సారూ.”

చెకింగ్ సారు చొక్కాలన్నీ తనే తిరిగి సర్దాడు. మూత మూసి, టేపు ఆమె చేతికిచ్చాడు.

టేపు నిలవాలంటే అరచేత్తో అదమాలి. ఆమె అదిమింది. చెయ్యి తియ్యలేదు.

బయట లారీ హారన్ మోగింది. అతను ఆమె పెదాల వంక చూడకుండా గుమ్మం దాకా వెళ్ళాడు.

“ఆగవయ్యా!” అని కేకేశాడు. “ఇంకో దేశం మిగిలింది!”