మరో పదకొండేళ్లు

ఇంటింటికీ హైడ్రోజన్ పెట్టెలే కరెంటు ఇస్తున్న విశాఖలో, ఏ పెట్టె ఎన్నాళ్లు మన్నుతుందో లెక్కగట్టే గణిత నమూనా కాత్యాయని తయారుచేసిందే. జీవితమంతా దానికే ధారపోసి, డెబ్బయ్యో ఏట రాజీనామా పంపింది. ఆఫీసువాళ్లు ఆ నమూనాతోనే ఆమె ఆయుష్షూ లెక్కగట్టారు.

"ఇంకా పదకొండేళ్లు పనిచేయగలరండి. వదలడం కుదరదు," అన్నాడు అధికారి ఫోనులో.

"అది మనుషులకు పనికిరాదు బాబూ."

"అయితే నమూనా తప్పని రాసివ్వండి. దాన్ని నమ్మి నడుపుతున్న ఊళ్లో పెట్టెలన్నీ ఆ నిమిషమే ఆపేస్తాం."

మంచంమీదున్న భర్త సన్యాసిరావు ఆయాసపడుతూ, "రాసిచ్చీయే! ఉన్న నాల్రోజులూ బీమిలి ఎలిపోయి ఉందాం," అన్నాడు. ఆయన ఆక్సిజన్ మిషను నడిచేదీ ఇంట్లో పెట్టెమీదే.

కాత్యాయని ఆయన ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టం సర్దింది. నమూనా సరైనదేనని రాసి, సంతకం పెట్టి, డ్యూటీకి చెప్పులేసుకుంది.