ముప్పై సెకన్ల దొంగతనం

"మొదలుపెట్టు అన్నయ్యా. ముప్పై సెకన్లు," అన్నాడు తమ్ముడు, చేతిలో ఫోన్ చూస్తూ.

అన్న తొక్కడం మొదలుపెట్టాడు. ముందుగదిలో నేలకు పాతుకున్నట్టు నిలబడ్డ వ్యాయామం సైకిల్ అది. ముప్పై సెకన్లు ప్రాణం పెట్టి తొక్కాలి, నిమిషం నెమ్మదిగా తొక్కాలి. అలా పన్నెండుసార్లు. హ్యాండిల్ కింద నాబ్ ఎంత బిగిస్తే పెడల్ అంత బరువెక్కుతుంది.

తమ్ముడు తల వంచగానే అన్న ఆ నాబ్‌ను రెండు చుట్లు వదులు చేశాడు. కాళ్లు గిర్రున తిరిగాయి. రొప్పుతున్నట్టు మాత్రం నటించాడు.

"శభాష్," అన్నాడు తమ్ముడు.

అన్న టైలరు. పొద్దస్తమానం కూర్చునే పని. నలభై ఆరేళ్లకే పొట్ట మిషన్ బల్లకి ఆనుతోంది. ఎనిమిది కిలోలు తగ్గమని డాక్టరు మూడు నెలల గడువిచ్చాడు. బడిలో లెక్కలు చెప్పే తమ్ముడు సెలవు పెట్టి మరీ ఈ బాధ్యత నెత్తినేసుకున్నాడు. రోజూ ఆరింటికల్లా స్వెటర్ వేసుకుని వచ్చి, పక్కన కుర్చీలో కూర్చునేవాడు. వదిన నూనె డబ్బా దాచేసింది. అన్న కూతురు గోడకి బరువుల పట్టిక అంటించింది.

ఇంతమంది ఇంత చేస్తుంటే, అన్న దుకాణం షట్టరు సగం దించి క్రీమ్ బన్నులు తినేవాడు. ఒకటి తినేసరికే మొహం మొత్తేది. అయినా రెండోది తినేవాడు.

రెండు నెలలు గడిచాక చూస్తే కిలో పెరిగాడు. తమ్ముడు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ తప్పేం లేదు అన్నయ్యా. కొందరి ఒళ్లు అంతే, తొందరగా కరగదు. ఇంకా నెలుందిగా."

అన్న తలెత్తలేకపోయాడు.

ఆ వారం నిజంగానే తొక్కాడు. నాబ్ బిగించి, కళ్లు బైర్లు కమ్మేలా తొక్కాడు. నాలుగో రోజున బరువు ముల్లు కాస్త వెనక్కి జరిగింది. తమ్ముడి మొహం వెలిగిపోయింది. అది చూడగానే అన్న తూకం మీంచి గబుక్కున దిగిపోయాడు. మర్నాడు నాబ్ మళ్లీ వదులైంది.

గడువు రోజున ఇద్దరూ బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లారు. స్కానింగ్ అయ్యాక బెంచీ మీద కూర్చున్నారు.

"నీకోటి చెప్పాలిరా," అన్నాడు అన్న.

"చెప్పు."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాహంగా ఉందన్నాడు. తమ్ముడు గోడ పట్టుకుని లేచి వెళ్లి నీళ్లు తెచ్చాడు.

ఇంతలో లోపలికి పిలిచారు.

డాక్టరు రిపోర్టు మూసి, అన్నని వదిలేసి తమ్ముడి వైపు తిరిగాడు: "మీ అన్నగారి లివర్‌కి కొవ్వు అలాగే పట్టి ఉందండీ, దాంట్లో ముక్క తీసి మీకు పెట్టలేం, ఇచ్చేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమో తొందరగా చూసుకోండి."