పదిహేడో నంబరు కుక్క

“స్నానం చేయించి, ముస్తాబు చేసి చూపించక్కర్లేదండీ! ఉన్నదాన్ని ఉన్నట్టు చూపిస్తే చాలు,” అంది డాక్టరమ్మ గుమ్మం బయట నిలబడి.

టైలరుగారు తలుపు పూర్తిగా తీయలేదు, అలాగని వేయనూ లేదు.

ఆవిడ పశువైద్యురాలు. ఇంట్లో మనిషి పోతే కుక్క ఎంత కుంగిపోతుందో, దాన్ని ఎలా తేరుకునేలా చేయాలో రెండేళ్లుగా పరిశోధిస్తోంది. ఇంకో మూడేళ్లు నిధులివ్వాలంటే ఏడాదిపాటు ఎక్కడా తెగని రికార్డు ఒక్కటైనా చూపించమన్నారు కమిటీవాళ్లు. చూపించింది. ఇప్పుడా కుక్కని కళ్లారా చూస్తారట, రేపు పదింటికి. చూపించకపోతే పరిశోధనకి మంగళం పాడినట్టే.

ముప్ఫై కుక్కల మెడపట్టీలకి తగిలించమని, కదలికలూ ఉన్న చోటూ నమోదు చేసే చిన్న డబ్బీలు ఇచ్చింది. ఒకాయన ఛార్జింగ్ పెట్టడమే మరిచిపోయాడు. ఒకావిడ పాడైపోతుందని బీరువాలో దాచింది. ఇంకో ఇంట్లో కుక్కే దాన్ని నమిలి పారేసింది. వీళ్లందరితో వేగేసరికి డాక్టరమ్మకి తలప్రాణం తోకకొచ్చింది. పదిహేడో నంబరు, ఈ టైలరుగారి కుక్క మాత్రమే, ఒక్క రోజు కూడా తప్పలేదు. తీరా ఇప్పుడు ఆయనే మొండికేస్తున్నాడు.

“మీ దానిది బంగారం లాంటి రికార్డండీ! మీ ఆవిడ పోయిన కొత్తల్లో పగలంతా ఒకే మూల పడుండేది. సాయంత్రం ఆరయ్యేసరికి లేచి గుమ్మం దాకా వచ్చి గంటసేపు అక్కడే. కమిటీలో ఒకావిడ చదివి కళ్లు తుడుచుకుంది.”

“మా ఆవిడ డ్యూటీ దిగి వచ్చేది ఆరింటికేనమ్మా.”

“తెలుసు. అందుకేగా నెలనెలా ఫోన్ చేసి చీవాట్లు పెట్టాను! రోజూ అరగంట నడిపించండి, వేళకి తిండి పెట్టండి, నలుగురున్న చోటికి తీసుకెళ్లండి అని.”

“మీరు చెప్పినవన్నీ చేశానమ్మా. ఒక్కటీ వదల్లేదు.”

“చేశారు కాబట్టే తేరుకుంది! చెప్పిన మర్నాటి నుంచే నడక మొదలు. ఇప్పుడు రాత్రిళ్లు కదలకుండా నిద్రపోతోంది. ఆరింటికి గుమ్మం దగ్గరికి రావడమూ మానేసింది. ఇంత చేసిన మనిషి, తీరా పని పడితే ఈ నసుగుడేమిటండీ? మొన్న అడిగితే ఊళ్లో లేదన్నారు. నిన్న కాలు బెణికిందన్నారు. కాలు బెణికిన కుక్క నిన్న సాయంత్రం నాలుగు కిలోమీటర్లు ఎలా నడిచింది?”

ఆయన తలుపు ఇంకొంచెం మూయబోయాడు. ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

“మీకు చేతులెత్తి దండం పెడతాను. ఇరవై తొమ్మిది మంది నన్ను ఏడిపించారు, మీరొక్కరైనా...” అంటూ తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

కుట్టు మిషను పక్కన మడతపెట్టిన చొక్కాలు, కిటికీ కింద మంచం, స్టూలు మీద మూత పెట్టిన కంచం. కొత్త మనిషి అడుగుపెట్టినా అరుపు లేదు, గోళ్ల చప్పుడూ లేదు. ఆవిడ మంచం కిందికి వంగి చూసింది. వంటింట్లోకి తొంగి చూసింది.

“కుక్క ఏదండీ?”

“కోప్పడకండమ్మా. చెబితే మీ ఫోన్లు ఆగిపోతాయనుకున్నాను,” అన్నాడాయన. “మా ఆవిడ పోయిన రెండో వారమే అదీ పోయింది.”

ఆవిడ మంచం అంచు మీద కూలబడింది.

“మరి ఇన్నాళ్ల రికార్డు?”

ఆయన చొక్కా చేతి గుండీ విప్పి, చెయ్యి ముందుకి చాపాడు.

డబ్బీ ఆయన మణికట్టుకే కట్టి ఉంది.